బురుజు గదిలో సీతాలు

ఆ వేసవిలో నేనాడిన అబద్ధాలన్నీ ఇంగ్లీషులోనే ఆడాను. తెలుగులో ఆడి ఉంటే నాలుగో రోజుకే ఎవరో ఒకరు నా మొహాన ఉమ్మేసేవారు.

ఎనభై రెండో సంవత్సరం. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. పోర్టులో ఉద్యోగం ఇప్పిస్తానన్న మేనమామ మాట నమ్ముకుని విశాఖపట్నం వచ్చాను. ఆ ఉద్యోగం రాలేదు. చివరికి ‘సీ ఫోర్ట్’ అనే హోటల్లో రిసెప్షన్ బల్ల వెనకాల కూర్చున్నాను. వన్‌టౌన్ జనం ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలిచేవారు కారు. వాళ్ళకది బురుజుల మేడ.

ఏనుగులపాడు జమీందార్లు కట్టించుకున్న కోట అది. సముద్రం మీదికి చూసే దిబ్బ మీద, మనిషి బారెడు మందం గోడలు, రెండు బురుజులు, ఇనప ముళ్ళ తలుపు. ఎవరు దండెత్తి వస్తారని అంత భయపడ్డారో తెలియదు. ఎవరూ రాలేదు. యుద్ధం రోజుల్లో మిలిటరీ వాళ్ళున్నారు. తర్వాత చాలా ఏళ్ళు బియ్యం గొడౌను. ఓడల దగ్గర సరుకు దింపించే కాంట్రాక్టరు దొరబాబు దాన్ని కొని, సున్నం వేయించి, గదులకి నంబర్లు పెట్టి హోటల్ చేశాడు. ఎన్ని సున్నాలు వేయించినా గబ్బిలాల కంపు పోలేదు. గోడలకి చెమ్మ ఊరేది. దుప్పట్లు ఎప్పుడు ముట్టుకున్నా చల్లగా, జిడ్డుగా ఉండేవి. స్టీల్ ప్లాంటు పనుల మీద ఎక్కడెక్కడి నుంచో ఇంజనీర్లు దిగుతున్న కాలం. వాళ్ళంతా బీచ్ రోడ్డు వైపు కొత్త హోటళ్ళకి పోయేవారు. మా గదుల్లో సగం ఎప్పుడూ తాళాలతోనే ఉండేవి.

పాపాయమ్మ అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. యాభై దాటి ఉంటాయి. నా భార్య భ్రమరాంబకి అప్పుడు ఆరో నెల. దిబ్బ కింద రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. పనైపోయాక పాపాయమ్మ మా ఇంటి మీదుగా పోతూ నెత్తళ్ళ చేపలో, పుల్ల మామిడికాయలో తెచ్చి, పొయ్యి దగ్గర తనే కూర్చుని పులుసు పెట్టి పోయేది. అమ్మ దగ్గర లేని లోటు తెలియకుండా చూసుకుంది భ్రమరాంబని.

పడమటి బురుజులో తొమ్మిదో నంబరు గది ఉండేది. ఒకప్పుడు ధాన్యం దాచే కొట్టు. ఆ గదిలో చీపురు పెట్టేముందు పాపాయమ్మ వంగి గడపని ముట్టుకునేది. చాలాసార్లు చూసి, ఒకరోజు ఎందుకని అడిగాను. చీపురు పక్కన పెట్టి చెప్పింది.

వాళ్ళ అక్క సీతాలు జమీందారిణి దగ్గర పనిచేసేది. నలభై రెండో సంవత్సరం ఏప్రిల్లో ఒకరోజు జమీందారిణి వెండి గంధపు గిన్నె కనపడలేదు. సీతాలు తీసిందన్నారు. ఒప్పుకునేదాకా ఉండమని ఈ కొట్లో పెట్టి తాళం వేశారు. మర్నాడే ఊరి మీద జపాను వాళ్ళ బాంబులు పడ్డాయి. ఊరు ఊరంతా చెల్లాచెదురైంది. జమీందారు కుటుంబం కార్లెక్కి కొండల వైపు పోయింది. తాళంచెవి దివాను జేబులో పోయింది. కావలివాడు ఉన్నాడు కదా, తాళం పగలగొట్టయినా తీస్తాడు అనుకున్నారు వాళ్ళు. కావలివాడూ పారిపోయాడు. పిల్లని దొరలే తీసుకుపోయి ఉంటారు అనుకుని పాపాయమ్మ తల్లి మిగిలిన పిల్లల్ని తీసుకుని పెందుర్తి వైపు నడిచిపోయింది. మూడు వారాలకి అందరూ తిరిగి వచ్చారు.

“అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు,” అంది పాపాయమ్మ. “తలుపు తీసినప్పుడు మా యమ్మ నన్ను సూడనివ్వలేదు. నాను సూసేసినాను. గిన్నె జమీందారిణమ్మ పెట్టిలోనే ఉంది బాబూ. ఆవిడతో కారెక్కి ఎల్లి, మళ్ళీ ఆవిడతోనే వొచ్చింది.”

ఏడవలేదు. చీపురు తీసుకుని గది ఊడ్చింది.

ఆ మాట నా కడుపులో దాచుకుని ఉంటే సరిపోయేది. సాయంత్రం దొరబాబు గారొచ్చి వ్యాపారం లేదని విసుక్కుంటుంటే, ఆయన దగ్గర తెలిసినవాడిలా కనిపించాలని, ఈ మేడకి ఎంత చరిత్ర ఉందో చూశారా అంటూ మొత్తం చెప్పేశాను. ఆయన వక్కపలుకు నోట్లో ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి తిప్పుకుంటూ విన్నాడు. మద్రాసులోనో ఎక్కడో దెయ్యం ఉందంటే జనం ఎగబడే బంగళా ఒకటి ఆయన చూశాడట.

“కానీ సచ్చింది పనిమనిసైతే ఎవడొత్తాడు గురూ?” అన్నాడు. “రాణీ అను. నువ్వు బీయే కదా. బాగా కట్టు.”

కట్టాను. మూడు రోజులు కూర్చుని కట్టాను. రాణీ కనకవల్లి అన్నాను. భీమిలి రేవులో దిగిన డచ్చి కెప్టెన్ని ప్రేమించిందన్నాను. రాజు ఆమెని బురుజులో పెట్టి తాళం వేయించాడన్నాను. ఇప్పటికీ ఆ తలుపు మీద గాజుల చప్పుడు వినిపిస్తుందన్నాను. సాయంత్రం నాలుగింటికి వరండాలో టీ ఇచ్చే వేళ, వచ్చినవాళ్ళకి ఇంగ్లీషులో ఆ కథ చెప్పేవాణ్ణి. మొదటి వారం కాయితం చూసి చెప్పాను. రెండో వారానికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసిపోయింది. నెల తిరిగేసరికి తొమ్మిదో నంబరు ముందుగా చెప్పుకుంటే తప్ప దొరకని పరిస్థితి. స్టీల్ ప్లాంటుకి వచ్చిన కలకత్తా వాళ్ళు, రాంచీ వాళ్ళు, రష్యా వాళ్ళు, బీచ్ రోడ్డు హోటళ్ళలో దిగినవాళ్ళు కూడా టీకి మా దగ్గరికే వచ్చేవారు. కథ అయ్యాక చప్పట్లు కొట్టేవారు. నాకది బాగుండేది. ఇప్పుడు తలుచుకుంటే నోట్లో చేదు ఊరుతుంది గాని, అప్పుడు మాత్రం ఎంతో బాగుండేది.

మే నెల మధ్యలో దొరబాబుకి ఇంకో ఆలోచన వచ్చింది. కథ ఒక్కటే చాలదు, చూసినవాళ్ళు ఒకరు ఉండాలి. పాపాయమ్మని తెచ్చి కూర్చోబెట్టు అన్నాడు. ఆవిడ తెలుగులో ఏదో ఒకటి చెప్తుంది, నువ్వు ఇంగ్లీషులో నీ కథ చెప్పు, ఎవడికి తెలుస్తుందన్నాడు. నేను కాదనలేదు. పాపాయమ్మ దగ్గరికి వెళ్ళి, మీ అక్క గురించి వినాలని పెద్దవాళ్ళు అడుగుతున్నారు, వచ్చి చెప్పమని పిలిచాను.

నలభై ఏళ్ళలో నువ్వు తప్ప ఆ మాట అడిగినవాళ్ళు లేరంది ఆవిడ. మర్నాడు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తనతో పాటు భ్రమరాంబని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. మా అప్ప మాట సెప్పమన్నారు, నువ్వూ విందువు గాని రా అమ్మా అని ఇంటికి వెళ్ళి పిలిచిందట. నా భార్య కాకినాడలో ఇంటర్ చదువుకున్న మనిషి. ఇంగ్లీషు నాకెంత వచ్చో తనకీ అంతే వచ్చు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. వరండా చివర స్తంభం పక్కన కుర్చీలో కూర్చున్న ఆమెని చూసి కూడా నేను నోరు తెరిచాను.

వంటాయన నజీర్ అహ్మద్ వేడి వేడి బజ్జీలు పంపించాడు. పదిమంది దాకా ఉన్నారు. పాపాయమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పుకుపోయింది. సీతాలు బాగా పాడేది అంది. రాణీ నాట్యం గురించి చెప్పాను. సీతాలుకి ఆషాఢం పోయాక పెళ్ళి చేద్దామనుకున్నారు అంది. డచ్చి కెప్టెన్ ఉత్తరం గురించి చెప్పాను. ఆవిడ ఒక్కో మాట అనడం, ఆగి నా వైపు చూడడం. నేను ఆ మాటని తీసి అవతల పారేసి, నాది పెట్టడం. బజ్జీ నూనె అంటిన వేళ్ళు రుమాలుకి తుడుచుకుంటూ చెప్పాను.

ఒకాయన, రాణీ తలుపు ఎలా గీకిందో చూపించమన్నాడు. పాపాయమ్మకి నేను, తలుపు తీసేసరికి ఎలా ఉందని అడుగుతున్నారని చెప్పాను. ఆవిడ లేచి నిలబడింది. తర్వాత ఏమనుకుందో నేల మీద కూర్చుని, మోకాలెత్తున రెండు చేతులూ ఎత్తి, వేళ్ళు వంచి చూపించింది. నిలబడే ఓపిక పోయాక గీకిన గీతలవి. కెమెరాలు చిటుక్కుమన్నాయి. ఒకామె భయం నటిస్తూ మొగుడి భుజం మీద పడి పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి మిగిలినవాళ్ళూ నవ్వారు.

“ఏటి బాబూ, నవ్వుతన్నారు?” అంది పాపాయమ్మ.

“వాళ్ళ తీరు అంతే పాపాయమ్మా. బాధపడుతున్నారు,” అన్నాను.

ఆవిడ నమ్మింది. వాళ్ళందరికీ చేతులు జోడించి దణ్ణం పెట్టింది.

ఇంటికి వచ్చాక భ్రమరాంబ అన్నం వడ్డించింది. నేను తినడం మొదలుపెట్టాక అడిగింది.

“ఆవిడకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

సీజను అయిపోనీ, పురుడొస్తోంది, ఈ ఉద్యోగం పోతే ఎలా అని ఏదేదో అన్నాను. పెరుగు పోసి గిన్నె నా పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న నేను హోటల్‌కి వెళ్ళాక భ్రమరాంబే పాపాయమ్మ ఇంటికి నడుచుకుంటూ పోయి అంతా చెప్పేసింది.

పాపాయమ్మ రెండు రోజులు పనిలోకి రాలేదు. మూడో రోజు వచ్చి నా బల్ల ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఈ యేళ మళ్ళీ సెప్తాను,” అంది. “నాను సెప్పిందే సెప్పు బాబూ. దానికేటీ కలపకు. మా అప్ప రాణీ కాదు.”

ఆ సాయంత్రం ఆవిడ చెప్పిన మాటకి మాట చెప్పాను. ఇంగ్లీషు నాకు సరిగ్గా అందలేదు. తడుముకున్నాను. గంధపు గిన్నెకి మాట దొరక్క చేతులతో చూపించాను. గిన్నె పెట్టెలోనే ఉందని చెప్పేసరికి పెద్ద వయసు రష్యా ఆయన టీ కప్పు కింద పెట్టి, మళ్ళీ తీసుకోలేదు. కలకత్తా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పాపాయమ్మ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసి, పైట సర్దుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. నెలన్నర తర్వాత మొదటిసారి నా ఒంటికి శుభ్రంగా స్నానం చేసినట్టు అనిపించింది. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. ఇంటికెళ్ళి భ్రమరాంబకి ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాను కూడా.

వెనక నుంచి నా భుజం మీద చెయ్యి పడింది. దొరబాబు. ఎప్పుడొచ్చాడో, స్తంభం చాటున నిలబడి మొత్తం విన్నాడట. ఆయనకి ఇంగ్లీషు పెద్దగా రాదు. మొహాలు చదవడం వచ్చు.

“రాణీ ఒద్దు గురూ,” అన్నాడు. “ఇదే బాగుంది. ఏడిత్తన్నారు సూడు. ఇకనుంచి ఇదే సెప్పు.”

వారం తిరక్కుండా తొమ్మిదో నంబరు గుమ్మం పక్కన సీతాలు పేరుతో ఇత్తడి పలక వెలిసింది. లోపలి మంచం తీసేశారు. పూర్ణామార్కెట్ నుంచి కొబ్బరికాయంత తాళం, గొలుసు వచ్చాయి. కావాలన్నవాళ్ళని అరగంట సేపు ఆ గదిలో పెట్టి బయట తాళం వేసేవాళ్ళం. దానికి వేరే టికెట్టు. లోపల తలుపు మీద గీతలు సరిగ్గా కనపడడం లేదని ఎవరో అంటే, దొరబాబు మనిషిని పెట్టి మేకుతో కొత్త గీతలు గీయించాడు. పిక్నిక్‌కి వచ్చినట్టు వచ్చేవారు. లోపలికి పోయి కేకలు పెట్టేవారు, పాటలు పాడేవారు, తలుపు మీద దబదబా బాదేవారు. బయటికొచ్చి చెమట తుడుచుకుంటూ చల్లటి డ్రింకు తాగేవారు. ఒకడు లోపల మూల్లో మూత్రం పోశాడు. అది కడిగింది పాపాయమ్మే.

అబద్ధం చెప్పినన్నాళ్ళు నేను అమ్మింది ఎవరో లేని రాణీని. నిజం చెప్పి సీతాలునే అమ్మేశాను. ఆ సంగతి నాకు మొదటి రోజే అర్థమైంది. అయినా తొమ్మిది రోజులు ఆ తాళంచెవి నా జేబులోనే ఉంది. ఇంటికి వచ్చి చొక్కా విప్పితే అది గలగలమనేది. ఆ చొక్కాని భ్రమరాంబ ముట్టుకునేది కాదు. నాకు వడ్డించి, తను తర్వాత ఎప్పుడో తినేది. పాపాయమ్మ మా ఇంటి వైపు రావడం మానేసింది. పులుసు వాసన లేని ఆ వంటింట్లో నేను గబగబా తిని లేచిపోయేవాణ్ణి.

జూన్ రెండో వారం. వాన మబ్బులు పట్టి, చుక్క రాలకుండా ఉక్కపోస్తున్న రోజు. పదకొండు గంటలకి ఒక కొత్త జంట లోపలికి వెళ్ళారు. తాళం వేశాను. లోపల్నుంచి కిలకిలలు వినిపిస్తున్నాయి. పాపాయమ్మ చీపురుతో వచ్చి, గుమ్మం ముందు ఆగి, కాసేపు ఆ నవ్వులు వింది. చీపురు గోడకి ఆనించింది. నా వైపు చెయ్యి చాపింది.

ఎందుకని అడగలేదు. తాళంచెవి ఇచ్చాను.

తలుపు తీసి, ఇద్దరినీ బయటికి రమ్మని చేత్తో చూపించింది. వాళ్ళు ఏదో ఆటలో భాగం అనుకుని నవ్వుతూనే వచ్చారు. పాపాయమ్మ గడప ముట్టుకోలేదు. దాటి లోపలికి పోయి, తలుపుకి ఎదురుగా నేల మీద చతికిలబడి కూర్చుంది.

“ఇప్పుడు ఏసెయ్ బాబూ,” అంది. “మూడు వారాలు పోనాక తియ్యి.”

గొలుసు నేను ముట్టుకోలేదు. కొత్త జంటలో ఆ అమ్మాయి ఏమిటి, ఏమంటోంది అని నన్ను అడిగింది. మాటకి మాట చెప్పాను. అమ్మాయి మొహం మాడిపోయింది. మొగుడి చెయ్యి పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచింది. మిగిలిన గదుల వాళ్ళు ఒకరొకరే వచ్చి చేరారు. ఒకడు కెమెరా ఎత్తాడు. పాపాయమ్మ వాడినే చూస్తూ కూర్చుంది. చివరికి వాడే దించుకున్నాడు. ఎంతసేపైనా ఆవిడ కదలలేదు, కన్నీరు పెట్టలేదు.

ఎవరో కబురు పెడితే దొరబాబు వచ్చాడు. ముందు బతిమాలాడు. జీతం పెంచుతానన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, లోపలికి పోయి ఆ ముసలిదాన్ని ఈడ్చుకు రమ్మన్నాడు.

“నా వల్ల కాదండి,” అన్నాను.

అంతకంటే పెద్ద మాట ఏదీ రాలేదు నాకు. చాలా చిన్నగా అన్నాను. ఆయనకి వినపడలేదేమోనని రెండోసారి కూడా అన్నాను. అప్పటికి వంటింట్లోంచి నజీర్ అహ్మద్ వచ్చాడు. పొయ్యి ఆర్పేసి వచ్చాడట. చేతులు తువ్వాలుకి తుడుచుకుని, గడప మీద తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు. మమ్మల్ని ఎవరినీ చూడలేదు. ఆ మధ్యాహ్నం బురుజుల మేడలో ఎవరికీ భోజనం లేదు. గంట చూసి కొంతమంది సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. సిగ్గుపడి వెళ్ళారో, ఆకలేసి వెళ్ళారో నాకు తెలియదు.

మూడు గంటలకి, పాపాయమ్మ కొడుకు పనిచేసే పోర్టు నుంచి సైరను వినపడింది. పాపాయమ్మ నేల మీద చెయ్యి ఆనించి లేచింది.

“మా వోడు డ్యూటీ దిగొచ్చే యేళైంది,” అంది నజీర్‌తో. “అన్నం వొండాల.”

ఆయన పక్కకి జరిగాడు. ఆవిడ నా పక్క నుంచే వెళ్ళింది. నా వైపు చూడలేదు. చీపురు గోడ దగ్గరే ఉండిపోయింది.

తాళంచెవులన్నీ బల్ల మీద పెట్టి నేనూ వచ్చేశాను. భ్రమరాంబకి జరిగింది చెప్పాను. విని, మీరెప్పుడు అన్నారు ఆ మాట, పాపాయమ్మ లోపలికి పోకముందా, పోయాకా అని అడిగింది. పోయాక అన్నాను. తల ఊపింది. పోకముందు అని చెప్పగలిగితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

నెలలోపల దువ్వాడ వైపు చిన్న ఇంటికి మారిపోయాం. స్టీల్ ప్లాంటు పని చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర హాజరు వేసే పని దొరికింది. శ్రావణంలో మాకు ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది పాపాయమ్మే. భ్రమరాంబ మనిషిని పంపితే రాత్రికి రాత్రే బస్సెక్కి వచ్చింది. పదకొండు రోజులు ఉంది. నాతో అవసరమైనంతే మాట్లాడింది, నీళ్ళు కాయమనీ, సాంబ్రాణి తెమ్మనీ. అంతకుమించి లేదు.

వినాయకచవితి దాటాక నజీర్ అహ్మద్ పిల్లని చూడ్డానికి వచ్చాడు. ఆయన అప్పటికే ఆ వంటిల్లు వదిలేసి, మసీదు దగ్గర తమ్ముడి బేకరీలో చేరాడు. పిల్ల చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టబోయి, ఇంకా పట్టుకోవడం రాదని నవ్వుకున్నాడు. టీ తాగుతూ బురుజుల మేడ ఎలా ఉందని నేను అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

జనం ఏమీ తగ్గలేదన్నాడు. పాపాయమ్మ లోపలికి పోయి కూర్చున్న సంగతి కూడా ఇప్పుడు కథలో చేర్చారట. కొత్త తాళం వచ్చిందట. నా బల్ల దగ్గర కొత్త కుర్రాడు కూర్చున్నాడట, ఇంగ్లీషు నాకన్నా బాగా వచ్చునట. కప్పు కింద పెట్టాడు.

“దొరబాబు ఇంకో ముసలామెని తెచ్చాడు రావు సాబ్,” అన్నాడు. “గాజువాక నుంచి. సీతాలు చెల్లెలంటే ఆవిడేనని చెప్తున్నారు.”

భ్రమరాంబ పిల్లకి పాలిస్తూ తలెత్తింది. పాపాయమ్మకి తెలుసా అని అడిగింది.

“తెలుసమ్మా. ఒకసారి గేటు దాకా వచ్చి, విని వెళ్ళింది.”

ఏమంది అన్నాను.

“ఏమీ అనలేదు. దొరబాబు మాత్రం అందరికీ చెప్తున్నాడు, పాపాయమ్మ కన్నా ఈవిడే నయం, అడిగినప్పుడల్లా ఏడుస్తుందని.”